సల్లగున్నయ్ సారూ

నవంబర్ 8, శనివారం

రేపు సభ. మా గేటు ముందున్న కరెంటు స్తంభానికి పార్టీ అధ్యక్షుడి బొమ్మ కట్టి పోయారు. పొద్దున పళ్లు తోముకుంటుంటే నన్నే చూసి నవ్వుతున్నాడు. లిదియాకు చూపించాను. "నవ్వెటోనికి లేని పరేషాన్ నీకెందుకు? ముందుగాల నోట్ల నురగ ఊంచి మాట్లాడు" అంది. ఇరవై ఆరేళ్ల కాపురంలో నా రాజకీయాలకు నా భార్య ఇచ్చిన మద్దతు ఇంత.

సభ చూడను. ఒక మనిషి గంటన్నర సేపు అబద్ధం చెప్తుంటే కూర్చుని వినడం కూడా ఆ అబద్ధంలో పాలు పంచుకోవడమే. చూడనని ఇక్కడ తేదీ వేసి మరీ రాస్తున్నాను.

నవంబర్ 9, ఆదివారం

చూశాను. ఎదుటివాడు ఏం మాట్లాడాడో వినకుండా వాడి మీద రాయడం ఎట్లా కుదురుతుంది? అది పని. చూడటం కాదు.

శాంసన్ వచ్చాడు, లిదియా తమ్ముడు. రైల్వేలో గార్డు. కాజీపేట క్వార్టర్లో నా టీవీకి రెండింతలున్న టీవీ పెట్టుకుని, ఏ పార్టీ సభ ఉన్నా మా ఇంటికే వస్తాడు. సభ చూడటానికి కాదు, సభ చూస్తున్న నన్ను చూడటానికి.

అధ్యక్షుడు "నా ప్రాణం పోయినా" అని పదకొండు సార్లు అన్నాడు. లెక్కపెట్టాను. పోలేదు. ఎదురింట్లో కూడా అదే చానల్, మా కంటే రెండు సెకన్లు ఆలస్యం. కాబట్టి ప్రతి అబద్ధాన్నీ రెండేసి సార్లు విన్నాను. శాంసన్ చప్పట్లు కొడుతున్నాడు, ఎదురింటి వాళ్లు రెండు సెకన్ల తర్వాత కొడుతున్నారు. మధ్యలో చానల్ వాడు జనం మూతి దగ్గర మైకులు పెట్టి "ఎలా అనిపిస్తోంది?" అని అడుగుతున్నాడు. ఒకాయన "పండుగలెక్క ఉన్నది" అన్నాడు. ఒకాయన "బస్సు ఎప్పుడు పోతదో ఎర్కలేదు" అన్నాడు. సభ మొత్తంలో నిజం మాట్లాడింది ఆ రెండో ఆయనొక్కడే, వెంటనే మైకు లాగేశారు.

"గొంతు మొత్తం వోయింది పాపం, ఎవలన్న జర ఏడినీళ్లు ఇయ్యున్రి ఆయనకు" అన్నాడు శాంసన్.

"ఎన్కకు ఆ ఆడోళ్లను గంట సేపటి సంది నిలవెట్టిండ్రు, కుర్సీలు లేవా?" అంది లిదియా.

అప్పుడు చూశాను. వేదిక మీద వెనక వరసలో ఐదారుగురు ఆడవాళ్లు, అందరికీ ఒకే రంగు చీరలు. వాళ్లలో మల్లక్క.

కొత్తవాడ మల్లక్క. పద్నాలుగేళ్ల కింద నేను 'మగ్గం గోస' పుస్తకం రాసినప్పుడు వాళ్ల ఇంట్లో నాలుగు రోజులు కూర్చున్నాను. జంపఖానాలు నేసే ఆ చేతుల ఫొటోనే అట్ట మీద వేశాను. కలెక్టరేట్ ముందు ధర్నాలో నా పక్కన కూర్చున్న మనిషి. ఆమెను పిలిచి మైకిచ్చారు. ఒక్క నిమిషం మాట్లాడింది. మాట మాట ఇక్కడ రాస్తున్నాను, రేపు ఎవడూ నేను మార్చానని అనకుండా:

"సారు మూడేండ్ల కింద మా కొత్తవాడకు అచ్చిండు. నేతోళ్లకు మాటిచ్చిండు. సారు మాటిచ్చి పోయిన కాంచి మా మగ్గాలన్ని సల్లగున్నయ్ సారూ. మీరు, మీ ఇల్లు, మీ పార్టీ గూడ గట్లనే సల్లగుండాలె."

చేతులు జోడించింది. జనం ఈలలు. అధ్యక్షుడు మైకు లాక్కుని, "విన్నారా తమ్ముళ్లూ! మగ్గాలు చల్లగున్నాయట! ఆడబిడ్డ నోటి నుంచి వచ్చిన దీవెన ఇది!" అని అరిచాడు. రెండు సెకన్ల తర్వాత ఎదురింట్లో మళ్లీ అరిచాడు.

"ఇన్నవా బావా!" శాంసన్ తొడ చరిచాడు. "నువ్వు గోస గోస అని పుస్తకాలు రాస్తివి. నేసెటామెనే సల్లగున్నమంటాంది. గిప్పుడు నీ పుస్తకం ఏం జేద్దాం? పకోడీలు కట్టుకుందామా?"

టీవీ కట్టేశాను.

"కరెంటు వోయిందా?" అన్నాడు శాంసన్.

"కరెంటు పోలే. సిగ్గు పోయింది."

మల్లక్కది. నాది కాదు.

నవంబర్ 10, సోమవారం

పొద్దున ఆరింటికి కూర్చుంటే తొమ్మిదికి అయిపోయింది. పన్నెండు వందల మాటలు, ఒక్క కొట్టివేత లేదు. శీర్షిక: 'చల్లని మగ్గాలు, అమ్ముడుపోయిన గొంతు'. ఇందులో ఒక వాక్యం నాకే నచ్చింది: "ఆకలితో నోరు తెరిచినవాళ్లను చరిత్ర క్షమిస్తుంది; ఖాళీ నోరు చప్పరిస్తూ కడుపు నిండిందని సాక్ష్యం చెప్పినవాళ్లను క్షమించదు." ఇట్లాంటి వాక్యం కోపం ఉంటే తప్ప రాదు. కోపం లేని వాళ్లు రాసేది రచన కాదు, అర్జీ.

కాగితాలు ఫొటో తీసి స్వప్నకు పంపాను. రాంప్రసాద్ నడిపే మా పక్షపత్రికకు పొద్దుటి పూట టైపు చేసే అమ్మాయి, డిగ్రీ చివరి ఏడు. మూడేళ్లుగా నా రాత చదవగలిగేది ఆమె ఒక్కతే. లిదియా కూడా చదవలేదు, చదవదు. ప్రూఫు మధ్యాహ్నానికి వచ్చింది. ఒక్క అక్షరం తప్పు లేదు. శీర్షికలో మాత్రం 'అమ్ముడుపోయిన' అన్నచోట ఖాళీ. ఫాంటు తినేసి ఉంటుంది. పెన్నుతో పూరించి రాంప్రసాద్‌కు పంపాను. "అదిరిందన్నా! పదిహేనో తారీకు దాకా ఆగలేను, రేపే ఫేస్‌బుక్‌ల పెడుత" అన్నాడు.

నవంబర్ 11, మంగళవారం

పెట్టాడు. నేను ఇట్లాంటివి లెక్కపెట్టను. సాయంత్రానికి పద్నాలుగు వందల మంది చూశారు, రెండు వందల పన్నెండు మంది పంచుకున్నారు.

నవంబర్ 13, గురువారం

స్వప్న ఫోను ఎత్తడం లేదు. ఈ తరానికి పనిమీద బాధ్యత లేదు.

నవంబర్ 15, శనివారం

పత్రిక అచ్చయి వచ్చింది. నేను గౌరవ సలహాదారుగా ఉన్న విద్యార్థి సంఘం పిల్లలు పిలిస్తే పోయాను. సంఘం అధ్యక్షుడు శశాంక్ ఎదురొచ్చి చేయి కలిపాడు.

"సార్, మీ వ్యాసం సదివినంక మేం ఊకె కూసోలేదు. తెల్లారే యాక్షన్ తీసుకున్నం."

"ఏం యాక్షన్?"

"మా జాయింట్ సెక్రటరీని తీసేసినం. ఆ మల్లక్క బిడ్డ సార్ ఆమె. మాకు తెల్వనే తెల్వదు."

"ఎవరు?"

"స్వప్న. మీ పత్రికల టైప్ చేస్తది గదా."

"ఆమె ఏమన్నది?"

"ఏమన్లే సార్. మీ అమ్మ మాట మీద నీ స్టాండేంది అని అడిగినం. తలకాయ వంచుకొని నిలవడ్డది. జవాబు లేనోళ్లు సంఘంల ఎట్లుంటరు?"

నేను చెప్పిన పాఠమే నాకు అప్పజెప్పాడు. ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడు ప్రజాజీవితంలో ఉండకూడదని ఆ గదిలోనే చాలాసార్లు చెప్పాను.

వాళ్లు చేసింది విధానం ప్రకారం సరైనదే. వ్యక్తులు ముఖ్యం కాదు. తల్లి చేసినదానికి బిడ్డను శిక్షించడం అని ఎవరైనా అనొచ్చు, కానీ అడిగింది తల్లి గురించి కాదు, ఆమె వైఖరి గురించి. వైఖరి చెప్పాలి. చెప్పలేదు. అంతే.

పద్నాలుగేళ్ల కింద ఆ ఇంట్లో ఒక చిన్నపిల్ల నా పెన్ను అడిగి తీసుకుని పలక మీద గీకింది. పేరు అడగలేదు.

ఫాంటు తినలేదు.

నవంబర్ 16, ఆదివారం

లిదియా చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా నా ముందు నిలబడింది.

"ఆ పొల్ల దగ్గరికి పో."

"పోయి ఏం చెప్పాలె? వాళ్ల అమ్మ మాట్లాడింది తప్పు కాదని చెప్పాలెనా?"

"చెప్పుడు కాదు. ఇను. జరంత ఇంటే ఏమన్న సచ్చిపోతవా?"

"నేను వినకుండా రాస్తనా? మాట మాట రాసి పెట్టుకున్న!"

"రాసుకుంటివి. ఇన్నవా?"

ఈమెతో వాదన పెట్టుకోవడం నా తప్పు. కొత్తవాడ పోతాను. క్షమాపణకు కాదు. రెండో వ్యాసానికి ఆధారాలు కావాలి: ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయి, ఎన్ని ఆగాయి, ఆ 'చల్లదనం' ఎంత అబద్ధమో లెక్కలతో సహా.

నవంబర్ 18, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మల్లక్క వాళ్ల షెడ్డు దగ్గరికి పదకొండింటికి పోయాను. తలుపు మీద కొత్త ఫ్లెక్సీ. మల్లక్క ఫొటో, చేతులు జోడించి. పక్కన అధ్యక్షుడు, కింద ఆ పార్టీ స్థానిక నాయకుడు రాజేశ్వర్ రావు. పెద్ద అక్షరాలు: 'మా మగ్గాలు చల్లగున్నాయి'. లోపలికి పోయాను. మల్లక్క లేదు, నూలు కోసం కాశిబుగ్గ పోయిందట. ఉప్పలయ్య అనే పెద్దమనిషి గుంటలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. డెబ్బై ఉంటాయి.

పదకొండు మగ్గాలు. నాలుగింటి మీద మనుషులున్నారు. మిగిలినవాటి మీద గోనె సంచులు కప్పి ఉన్నాయి. కాగితం తీసి రాసుకుంటూ, మూలన ఉన్నదాన్ని చూపించి అడిగాను.

"పెద్దయ్యా, అది ఎన్నాళ్ల నుంచి నడుస్తలేదు?"

"గదా? గది సల్లగయి ఏడాదాయె."

రాస్తున్నవాణ్ణి ఆగిపోయాను.

"ఏమన్నవు?"

"సల్లగున్నది బిడ్డా. ఆడుతాంటె మగ్గం ఏడి మీదుంటది. మనిషి లేసిపోతె సల్లగైతది. గవన్ని సల్లగున్నయే. ఏడు."

పక్క మగ్గం మీదున్న ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఉప్పలయ్యకు నవ్వు వస్తోంది. "టీవీల సూడలేదా నువ్వు? మా మల్లి పెద్దసారు మొకం మీదనే అనె గదా! మీరు గూడ గట్లనే సల్లగుండాలె అనె! నవ్వి నవ్వి నాకు దగ్గొచ్చింది. నా కోడలు నీళ్లు తాపింది. ఆయన చప్పట్లు కొట్టవట్టె!" అని, గొంతు తగ్గించి తలుపు వైపు చూశాడు. "బొమ్మ గూడ కట్టిపోయిండ్రు, పిచ్చోళ్లు."

లక్ష మంది ముందు, అన్ని చానళ్ల ముందు, ఆ మనిషి కుర్చీకి నాలుగు అడుగుల దూరంలో నిలబడి, చేతులు జోడించి, నువ్వు మాటిచ్చి పోయినప్పటి నుంచి మా మగ్గాలు ఆగిపోయాయి, నీ పార్టీ కూడా అట్లాగే ఆగిపోవాలి అని శాపం పెట్టింది. వాడు దాన్ని దీవెన అనుకున్నాడు. ఫ్లెక్సీ వేయించాడు.

నేను వ్యాసం వేయించాను.

'మగ్గం గోస' నూట అరవై పేజీలు. ఆగిపోయిన మగ్గాన్ని నేతవాళ్లు ఏమంటారో అందులో ఒక్కచోట కూడా లేదు. నాలుగు రోజులు కూర్చుని నేనే మాట్లాడి వచ్చినట్టున్నాను. 'స్తంభించిన ఉత్పత్తి సాధనం' అని రాశాను. ఆ మాటను ఇప్పుడే పెన్నుతో కొట్టేశాను.

నవంబర్ 19, బుధవారం

ఎనిమిది పేజీలు. నా జీవితంలో ఇంత మంచి వ్యాసం రాయలేదు. 'శాపాన్ని దీవెనగా విన్న చెవులు'. అధ్యక్షుణ్ణి, చానళ్లను, చప్పట్లు కొట్టినవాళ్లను, ఒక్కొక్కర్ని ఉతికాను. ఏడో పేజీలో నన్ను కూడా ఒక పేరాలో విమర్శించుకున్నాను. రెండు వాక్యాలు. అది చాలు, ఎక్కువైతే వ్యాసం దిశ మారుతుంది. మల్లక్క రేపు రాష్ట్రమంతా తెలుస్తుంది. స్వప్నను పిల్లలు భుజాల మీద మోస్తారు.

స్వప్నకే పంపాను. ఇది ఆమె చేతుల మీదుగా అచ్చవ్వాలి. రెండు నీలం టిక్కులు పడ్డాయి.

నవంబర్ 20, గురువారం

పొద్దున పదింటికి తల్లీ బిడ్డా మా ఇంటికి వచ్చారు. లిదియా కుర్చీలు వేసింది. స్వప్న నా ఎనిమిది పేజీలు ప్రింటు తీసి తెచ్చింది, టైపు చేయకుండా, నా చేతిరాతే. బల్ల మీద పెట్టింది.

"ఇన్సెంటు సారూ, మా షెడ్డుకు అచ్చినవట" అంది మల్లక్క. కొత్తవాడ నోట్లో విన్సెంట్ ఎప్పుడూ ఇన్సెంటే.

"వచ్చినక్కా. ఆ రోజు నాకు సమజ్ కాలే. నేను రాసింది..."

"సదివిచ్చుకున్న, ఈ పిల్లతోని. మంచిగనే రాసినవ్. తిట్టుడు నీకు మంచిగొస్తది." నవ్వలేదు. "ఇప్పుడు గిది అచ్చెయ్యకు."

"ఎందుకు? అక్కా, ఇది వస్తే నువ్వెవరో రాష్ట్రమంతా తెలుస్తది!"

"తెలుస్తది. రాజేశ్వర్ రావుకు గూడ తెలుస్తది. షెడ్డు ఎవలది సారు?"

నాకు తెలియదు.

"ఆయనదే. ఆయన జాగ, ఆయన రేకులు. నాలుగు మగ్గాలు ఆడుతానయ్, నలుగురు ఆడోళ్లం, ఉప్పలయ్య మామ నడుమ నడుమ కూసుంటడు. నీ కాయితం అచ్చయిన తెల్లారి తాళం వడ్తది."

"తాళం వేస్తే ఊకుంటమా? ధర్నా చేద్దాం. నేనుంట మీ పక్కన."

"ఉంటవ్. ఉండవని నేనంటలేను. ధర్నా అయినంక నువ్వు ఇంటికి వోతవ్. మేం యాడికి వోవాలె? గుంట మగ్గాలు సారు అవి. చట్రం అంటే నెత్తి మీద వెట్టుకొని పోతం. గుంటను ఎత్తుకపోతమా?"

"మరి ప్రజలకు తెలవొద్దా?" నా గొంతు పెరిగింది. "అంత పెద్ద మాట అని, ఎవరికీ తెలవకుండ..."

"తెలవాల్సినోళ్లకు ఆ పొద్దే తెలిసింది. కొత్తవాడ నవ్వింది. కాశిబుగ్గ నవ్వింది. తెలవంది ఇద్దరికే. ఆ పెద్దసారుకు, నీకు."

వంటింట్లో లిదియా గిన్నె ఏదో జారవిడిచింది. నవ్వు ఆపుకోవడానికని నాకు తెలుసు.

"మరి నన్నేం చెయ్యమంటవ్?"

"అమ్ముడువోయిందన్నవ్ సూడు, ఆ ఒక్క మాట ఎన్కకు తీసుకో. నా కోసం కాదు. నేను ఇసొంటియి మస్తు ఇన్న, మగ్గం మీద కూసుంటే అన్ని మర్సిపోత. ఈ పిల్ల ఉన్నది." స్వప్న కిటికీ వైపు చూస్తోంది. "సంఘంలకెల్లి ఎల్లగొట్టిండ్రు. నోరిప్పి అసలు మాట చెప్తే షెడ్డు వోతది. ఇప్పకపోతే ఇజ్జత్ వోతది. పది దినాల సంది నోరు మూసుకొని తిరుగుతాంది. ఇరవై యేండ్ల పిల్ల మోసే బరువా సారు అది?"

"వెనక్కి తీసుకుంట. కని ఎందుకు తీసుకుంటున్ననో చెప్పాలె గదా?"

"చెప్పొద్దు."

"కారణం లేకుంట ఎవరు నమ్ముతరక్కా?"

"అమ్ముడువోయిందని నువ్వు రాస్తే ఎవలన్న కారణం అడిగిండ్రా? నమ్మలేదా?"

ఇరవై ఎనిమిదేళ్లుగా వాదిస్తున్నాను. వేదికల మీద, పత్రికల్లో, రైళ్లలో. ఇంత చిన్న ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

పోయేటప్పుడు గేటు దగ్గర స్వప్నను అడిగాను, ఆ ఖాళీ గురించి.

"టైప్ చేసిన సార్. మూడు సార్లు చేసిన. మూడు సార్లు కొట్టేసిన" అంది. "మీరు చూసి అడుగుతరనుకున్న."

నవంబర్ 21, శుక్రవారం

చేయను. ఆలోచించి చెప్తున్నాను. నిజాన్ని దాచడం నా పని కాదు. ఒక షెడ్డు కోసం, నాలుగు మగ్గాల కోసం ఇంత పెద్ద రాజకీయ సత్యాన్ని పూడ్చిపెడితే, రేపు ఇంకొక షెడ్డు కోసం ఇంకొకటి పూడ్చాలి. భయం ఇట్లాగే బతుకుతుంది. రాజేశ్వర్ రావు లాంటివాళ్లు ఇట్లాగే బతుకుతారు. నేను ఎవరి జాగాలోనూ కూర్చోలేదు.

అవును, కూర్చోలేదు. నాకు సొంత ఇల్లు ఉంది, మా నాన్న రైల్వే పెన్షన్ డబ్బుతో కట్టింది. లిదియా జీతం ఉంది. నా వ్యాసానికి ఎప్పుడైనా ఎవరైనా తాళం వేశారా?

ఎనిమిది పేజీలు మళ్లీ చదివాను. బాగుంది. ఇంత బాగుండటమే ఒళ్లు మండిస్తోంది.

నవంబర్ 22, శనివారం

సవరణ రాయడానికి కూర్చున్నాను.

మొదటిది: "మల్లక్క మాటల్లోని లోతైన వ్యంగ్యాన్ని..." చింపేశాను. వ్యంగ్యం అంటే చాలు, రాజేశ్వర్ రావుకు తెలిసిపోతుంది.

రెండోది: "ప్రాంతీయ పదాల అర్థభేదం వల్ల..." అదీ అంతే.

మూడోది: "నాకు అందిన కొత్త సమాచారం మేరకు..." ఏ సమాచారం అని అడుగుతారు. అడగాలి కూడా.

కారణం లేకుండా వాక్యం రాయడం నాకు రాదు. 'ఎందుకంటే' లేకపోతే నా పెన్ను కదలదు.

నవంబర్ 24, సోమవారం

మూడు వాక్యాలు. స్వప్న టైపు చేసింది, రాంప్రసాద్ చదివి ఫోను చేశాడు.

"అన్నా, ఇదేంది? 'కొత్తవాడ మల్లక్క గురించి నేను రాసింది తప్పు. ఆమె అమ్ముడుపోలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.' గింతేనా? కిందికెల్లి ఏమన్న మిస్సయిందా?"

"ఏం మిస్సు కాలే."

"కారణం?"

"లేదు."

"అన్నా, ఇజ్జత్ పోతది. మనకు ఎంత ముట్టిందని అడుగుతరు. పత్రికను గూడ అడుగుతరు."

"వెయ్యకపోతే ఇగ నా దగ్గర వ్యాసం అడగకు."

"నీకు ఆరోగ్యం మంచిగున్నదా?" అన్నాడు చివరికి. నాకు ఆ ప్రశ్న తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

డిసెంబర్ 1, సోమవారం

వచ్చింది. మూడో పేజీ, కింద, డబ్బాలో.

మధ్యాహ్నానికి రాజేశ్వర్ రావు తన పేజీలో పెట్టాడు: 'సత్యాన్ని అంగీకరించిన మేధావికి అభినందనలు. కొత్తవాడ మగ్గాలు చల్లగున్నాయని ఇప్పుడు విమర్శకులు కూడా ఒప్పుకుంటున్నారు.' నా ఫొటో! పదేళ్ల కిందటిది, జుట్టున్నప్పటిది. ఎక్కడ దొరికిందో.

నేను గుద్దిన దెబ్బకు ప్లాస్టిక్ కుర్చీ చెయ్యి విరిగింది. వీడికి ఏమీ తెలియదు! శాపం నెత్తిమీద పెట్టుకుని ఊరేగుతున్నాడు, నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకుని! ఒక్క వాక్యం, ఒకే ఒక్క వాక్యం రాస్తే వీడి ముఖం ఎట్లా మాడిపోతుందో నాకు తెలుసు. ఆ వాక్యం నా దగ్గర ఉంది. ఇక్కడ, ఈ డైరీలో ఉంది. దీన్ని బీరువాలో, లిదియా చీరల కింద పెడుతున్నాను.

సాయంత్రం శాంసన్ మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు.

"బావా! ఎన్నాళ్లకు మారినవ్! పార్టీల ఎప్పుడు జేరుతానవ్?"

వాణ్ణి గేటు దాకా తరిమాను. లిదియా ఆపలేదు. మిఠాయి మాత్రం లోపల పెట్టింది. తర్వాత నా పక్కన కూర్చుని, "తిను. నువ్వు చేసినవాటిలకెల్లి గిదొక్కటే నాకు సమజైంది" అంది.

డిసెంబర్ 2, మంగళవారం

ఆరు ఫోన్లు. ఆరుగురూ పాత మిత్రులే. ఆరుగురూ ఒకటే మాట, వేరే వేరే మర్యాదలతో. ఒకాయన మాత్రం మర్యాద లేకుండా అడిగాడు. ఆయన మీదే గౌరవం పెరిగింది.

డిసెంబర్ 3, బుధవారం

విద్యార్థి సంఘం అత్యవసర సమావేశం, పదకొండింటికి. నన్ను పిలిచారు. పదిహేను మంది ఉన్నారు. స్వప్నను కూడా పిలిచారు, కానీ బెంచీ మీద కూర్చోనివ్వలేదు. తలుపు పక్కన నిలబడింది.

శశాంక్ లేచాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను తయారుచేసిన పిల్లవాడు. గట్టివాడు.

"సార్, మీ వ్యాసం చూసి మేం తీర్మానం చేసినం. మీరే తప్పంటే ఆ తీర్మానం గూడ తప్పే. స్వప్నను తిరిగి తీసుకోవాలని నేనే ప్రతిపాదిస్తున్న. కని అంతకు ముందుగాల మాకు తెలవాలె. ఏం తెలిసింది మీకు? ఎందుకు మార్చుకున్నరు?"

"నేను రాసింది తప్పు. ఆమె అట్లాంటి మనిషి కాదు."

"అది చదివినం సార్. ఎందుకు?"

"చెప్పలేను."

"చెప్పలేరా, చెప్పరా?"

మంచి ప్రశ్న. నేనే నేర్పాను, ఆ తేడా పట్టుకొమ్మని.

"చెప్పను."

వెనక నుంచి ఒక అమ్మాయి, పూజ అనుకుంటాను, "ఎంతకు సార్?" అంది. నోరు తెరిచాను. నాలుక మీద మాట ఉంది, మొత్తం ఉంది, మల్లక్క గొంతుతో సహా ఉంది. చెప్తే ఈ పిల్లలు బల్లలెక్కి చప్పట్లు కొడతారు. పది నిమిషాల్లో ఊరంతా తెలుస్తుంది. స్వప్న నా వైపు చూడటం లేదు, నేల చూస్తోంది. ఆమె రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి దూరి బిగుసుకుని ఉన్నాయి.

నోరు మూశాను.

చేతులెత్తమన్నారు. స్వప్నను తిరిగి తీసుకోవడానికి తొమ్మిది, వద్దని ఆరు. ఆమె వచ్చి శశాంక్ పక్కన జాయింట్ సెక్రటరీ కుర్చీలో కూర్చుంది. మినిట్స్ పుస్తకం ఆమె ముందుకు జరిపారు. అప్పుడు శశాంక్ రెండో తీర్మానం చదివాడు: సంఘం అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి నిరాకరించినందుకు విన్సెంట్ గారిని గౌరవ సలహాదారు బాధ్యత నుంచి తొలగించడం. అనుకూలం పదిహేను. చెయ్యెత్తనిది ఒక్కరే. ఆమె రాస్తోంది.

రాయడం అయ్యాక నియమం ప్రకారం లేచి పైకి చదివింది. ఒక్క మాట తడబడలేదు. 'నిరాకరించినందుకు' అన్నచోట కూడా ఆగలేదు, ఖాళీ వదలలేదు. పుస్తకం నా వైపు తిప్పి, సంతకం పెట్టాల్సిన చోట వేలు ఉంచింది.

పెట్టాను.